అలారం మోగితే వచ్చేదెవరు?

ఈ రోజు మాట్లాడుకునేది రాజుల గురించి కాదు, కోటల గురించి కాదు. కారు గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆపి పెట్టిన కారు గురించి, మనం పక్కన లేనప్పుడు దాన్ని ఎవరు కాస్తున్నారు అనే దాని గురించి.

"ఇందులో చరిత్ర ఏముంది అన్నా" అంటారేమో. ఉంది. దాదాపు ఆరువందల ఏండ్ల చరిత్ర ఉంది. తిరిగి తిరిగి అది మన పాలమూరు మనిషి దగ్గరికే వస్తది.

ఈ టాపిక్ ఎందుకంటే, మీలో చాలామంది ఇప్పుడిప్పుడే మొదటి కారు కొంటున్నారు. షోరూమ్ బండి కాదు, సెకండ్ హ్యాండ్. దాంట్లో అలారం ఉండదు, ఉన్నా పనిచేయదు. శనివారం పొద్దున హైదరాబాద్‌లో బయలుదేరి, నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ వచ్చి, సోమశిలలో కృష్ణ ఒడ్డున బండి పెట్టి పడవెక్కుతారు. పడవలో కూర్చున్నంతసేపూ మనసు కారు మీదే. ఇంటికి పోయినంక "తక్కువ ఖర్చులో మనమే అలారం చేసుకోవచ్చా" అని వెతుకుతారు. చేసుకోవచ్చు. అదెట్ల పనిచేస్తదో కూడా చెప్తా. కానీ దానికంటే ముందు ఒక ప్రశ్న. అలారం మోగింది సరే, మోగితే వచ్చేదెవరు?

ముందు మన మామిడి తోటకు పోదాం.

కొల్లాపూర్ అంటే మామిడి. ఇక్కడి బేనిషాన్‌ను పట్నంలో ఊరి పేరు చెప్పి అమ్ముతారు. కాయ ముదిరే ఎండాకాలంలో తోటకు రాత్రి కావలి తప్పదు. నల్లమల దగ్గరే కాబట్టి అడవి పందులొస్తయి, కోతులొస్తయి, మనుషులూ వస్తరు. మా పెద్దనాయన గుత్తకు పట్టిన తోటలో నేను చిన్నప్పుడు చూసిన అలారం చెప్తా వినండి. ఖాళీ నూనె డబ్బా. అందులో పిడికెడు గులకరాళ్లు. డబ్బాకు తాడు. ఆ తాడు కంచె వెంబడి మోకాలెత్తున తోట చుట్టూ తిరిగొస్తది. ఏదన్నా తగిలిందా, డబ్బా గలగలమంటది. మంచె మీద పడుకున్న పెద్దనాయన "ఎవడ్రా అది" అని లేస్తడు, చేతిలో వడిసెల.

ఆ డబ్బా దొంగను ఆపదు, పందిని ఆపదు. పెద్దనాయనను లేపుతది. దాని పని అంతవరకే. ఆయన ఒక రాత్రి పెండ్లికి పోయిండనుకోండి, డబ్బా తెల్లారేదాక మోగినా లాభం లేదు. తగిలేది ఒకటి, మోగేది ఒకటి, లేచేది ఒకటి. ఈ తాడు-డబ్బా సంగతి అర్థమైతే ఇప్పటిదాకా వచ్చిన అలారాలన్నీ అర్థమైనట్టే. తగిలేది, మోగేది రోజురోజుకూ బాగుపడ్డయి. లేచే మనిషి ఏమయ్యిండనేదే ఈ కథ.

ఇప్పుడు ఆ లేచే మనిషి పాత కాలంలో ఎట్ల ఉండేవాడో చూద్దాం. దీనికి కృష్ణ దాటి దక్షిణానికి పోవాలి, హంపికి.

1443లో అబ్దుర్ రజాక్ అనే రాయబారి విజయనగరానికి వచ్చాడు. హెరాత్ నుంచి, తైమూర్ కొడుకు షారుఖ్ పంపితే వచ్చాడు. అప్పుడు అక్కడ రెండో దేవరాయలు. ఆయన చూసిందంతా రాసిపెట్టాడు. అందులో నగర కొత్వాలు కచేరీ గురించి ఒక ముక్క ఉంది. టంకశాలకు ఎదురుగా ఆ కచేరీ. దాని కింద పన్నెండు వేల మంది కావలివాళ్లు అని ఆయనకు చెప్పారట. రోజుకు పన్నెండు వేల పణాల జీతం, అంటే మనిషికి ఒక పణం. ఆ డబ్బు వేశ్యావాటికల మీద వచ్చే పన్ను నుంచి. ఏడు ప్రాకారాల లోపల ఏం జరిగినా తెలుసుకోవడం వాళ్ల పని. ఏదైనా పోతే వెతికి తేవాలి. తేలేకపోతే జరిమానా కట్టాలి.

మళ్లీ వినండి. దొంగ దొరకకపోతే జరిమానా కట్టేది కావలివాడు.

ఇది మాట వరసకు రాసింది కాదు. అబ్దుర్ రజాక్ తోటి మనిషి ఒకతను కొనుక్కున్న బానిసలు కొందరు పారిపోయారు. కొత్వాలుకు ఫిర్యాదు పోయింది. ఆయన ఏం చేశాడు? బీదవాళ్లుండే వాడ కావలివాళ్లను పిలిచి, "తెస్తారా, వెల కడతారా" అన్నాడు. వాళ్లు వెల ఎంతో కనుక్కుని కట్టేశారు. నాకు ఇది చదివినప్పుడల్లా రెండు సంగతులు గుచ్చుకుంటయి. ఒకటి, పోయిన "సొత్తు" మనుషులు. రెండు, డబ్బు కట్టింది రోజుకు ఒక పణం జీతగాళ్లు, అదీ బీద వాడ వాళ్లు. నగరం భద్రంగా ఉందని రాయబారి మెచ్చుకున్నాడు. ఆ భద్రతకు ఖర్చు ఎవరి జేబులోంచి పోయిందో కూడా తనకు తెలియకుండానే రాసిపెట్టాడు.

ఇదే పద్ధతి ఊళ్లల్లో "కావలి" అనే పేరుతో దక్షిణాదిలో చాలా కాలం నడిచింది. ఊరు కావలికారుకు గింజలో భాగం, రుసుము ఇస్తది. బదులుగా ఊళ్లో దొంగతనమైతే ఆయన సొత్తు తెచ్చివ్వాలి, లేదా నష్టం పూడ్చాలి. వినడానికి ఇన్సూరెన్స్ లాగే ఉంది కదా. కానీ దీనికి చీకటి వైపు కూడా ఉంది. కొన్నిచోట్ల పాళెగాండ్లు, కావలి పెద్దలు దీన్ని వసూలు చేసుకున్నారు. రుసుము కడితే దొంగతనం జరగదు, కట్టకపోతే తప్పకుండా జరుగుతది. ఇప్పటికీ జాతర దగ్గర బండి ఆపగానే "అన్నా, యాభై ఇయ్యి, చూసుకుంటా" అని ఒకడు వస్తడు చూడండి. ఆ మాటలో అభయం ఎంతో, బెదిరింపు ఎంతో తేల్చుకోవడం కష్టం. ఆ కష్టం పాతదే.

మన వైపు సంగతి. కొల్లాపూర్ జటప్రోలు సంస్థానానికి రాజధాని, సురభి వారిది. నిజాంకు పేష్కష్ కట్టుకుంటూ నడిచిన సంస్థానం. నిజాం రాజ్యంలో ఊరికి పోలీస్ పటేల్, మాలీ పటేల్, పట్వారీ ఉండేవాళ్లని మీ తాతలను అడిగినా చెప్తరు. వాళ్ల కింద నడిచి పని చేసేవాళ్ల పేర్లు మాత్రం తొందరగా మరుగున పడ్డయి: తలారి, సేత్‌సింధి, మస్కూరి, నీరడి. రాత్రి ఊరు తిరిగేది, కొత్త మనిషి వస్తే పటేల్‌కు చెప్పేది, కబురు మోసేది వీళ్లే. కొందరికి ఇనాం చెక్క ఉండేది, కల్లం దగ్గర ఇన్ని గింజలు కొలిచేవాళ్లు. చాలామందికి అది వెట్టే. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను తీసేసింది. కింది మనుషులు గ్రామ సేవకులయ్యారు, తర్వాత వీఆర్‌ఏలయ్యారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఆ వ్యవస్థనూ రద్దు చేసి, 20 వేలకు పైగా ఉన్న వీఆర్‌ఏలను వేరే శాఖల్లో సర్దింది. అంటే ఊరి పేరు మీద రాత్రి లేచే మనిషి కాగితం మీద నుంచి కూడా పోయింది మొన్నమొన్ననే.

సరే, ఇక కరెంటు గంట.

1853లో అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన అగస్టస్ పోప్ అనే ఆయన దొంగల గంటకు పేటెంట్ తీసుకున్నాడు. తలుపు, కిటికీ తెరిస్తే సర్క్యూట్ కలుస్తది, విద్యుదయస్కాంతం సుత్తిని కదుపుతది, గంట మోగుతది. మన తాడు-డబ్బాకు బ్యాటరీ తగిలించినట్టు. ఇందులో తెలివి ఏమిటంటే, దొంగ భయపడి తలుపు మళ్లీ మూసినా గంట ఆగదు. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, తర్వాత పని పడుతది.

1857లో ఎడ్విన్ హోమ్స్ అనే వ్యాపారి ఆ పేటెంట్ కొన్నాడు. పోప్ కనిపెట్టింది గంట అయితే, హోమ్స్ కనిపెట్టింది వ్యాపారం. న్యూయార్క్ పోయి, ఒక్కో ఇంటి నుంచి తీగలు లాగి ఒకే ఆఫీసుకు కలిపాడు. గంట ఇంట్లో కాదు, ఆఫీసులో మోగుతది. అక్కడ మనుషులు కూర్చుని ఉంటరు, లేచి వస్తరు. అంటే ఏమయింది? లేచే మనిషి లేకపోతే గంట దండగ అని ఆయనకు అర్థమయింది, ఆ మనిషిని నెల జీతానికి పెట్టి కస్టమర్లకు అమ్మాడు.

అప్పటికి కారు ఇంకా పుట్టలేదు. పుట్టిన కొత్తలో మన దగ్గర కారుకు తాళం అవసరం కూడా పడలేదు. చౌమహల్లా ప్యాలెస్‌కు పోతే పసుపు రంగు రోల్స్ రాయిస్ చూస్తారు, 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన బండి, అది చేతికి వచ్చేలోపే ఆయన పోయారు. అలాంటి బండి చుట్టూ డ్రైవరు, క్లీనరు, దర్వాన్‌లు ఎప్పుడూ ఉంటరు. లేచే మనుషులకు కొదవ లేనిచోట డబ్బాతో పనేముంది.

మామూలు జనం చేతికి కార్లు ఎక్కువగా వచ్చింది అమెరికాలో, ఫోర్డ్ మోడల్ టీతో. దాని తాళంచెవుల సంగతి వింటే నవ్వొస్తది. మొత్తం కలిపి సుమారు రెండు డజన్ల రకాలే. ఏ నంబరు చెవి కావాలో స్విచ్ మీదే అచ్చు వేసి ఉండేది. తాళం మీద పాస్‌వర్డ్ రాసిపెట్టినట్టు. దొంగతనాలు ఎంత పెరిగినయంటే 1919లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా ఒక చట్టమే తెచ్చింది. దొంగ బండిని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తోలితే కేంద్ర నేరం. డయ్యర్ చట్టం అంటారు, మన జలియన్‌వాలా బాగ్ డయ్యర్ కాదు, వేరే ఆయన.

ఇంటి చిట్కాలన్నీ పుట్టింది అప్పటి నుంచే. స్టీరింగ్‌కు గొలుసు, పెడల్‌కు తాళంకప్ప, సీటు కింద దాచిన స్విచ్. వీటిలో నాకు బాగా నచ్చేది రోటర్ తీసి జేబులో వేసుకోవడం. పాత పెట్రోల్ బండ్లలో డిస్ట్రిబ్యూటర్ ఉండేది, మన మెకానిక్‌లు డెల్కో అంటరు. దాని మూత తీస్తే లోపల బొటనవేలంత రోటర్. అది లేకపోతే ప్లగ్గులకు కరెంటు పోదు, సెల్ఫ్ ఎంత కొట్టినా బండి లేవదు. 1940లో జర్మన్ సైనికులు ప్యారాచూట్‌లతో దిగుతారన్న భయంతో బ్రిటన్ ప్రభుత్వం, ఆపిన బండిని కదలకుండా చేసి పోవాల్సిందేనని రూలు పెట్టింది. రోటర్ తీసి జేబులో వేసుకోవడం అక్కడ మామూలైంది. మన దగ్గర అంబాసిడర్, ఫియట్ నడిపిన పాత డ్రైవర్లకు కూడా ఇది వెన్నతో పెట్టిన విద్య. ఖర్చు సున్నా, చప్పుడు లేదు, ఎవరినీ లేపాల్సిన పని లేదు. ఇప్పటి బండ్లలో డిస్ట్రిబ్యూటరే లేదు కాబట్టి ఆ విద్య పాత డ్రైవర్లతోనే పోయింది.

ఇప్పుడు హారన్ అలారం. మీరు అడిగేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెప్తా.

కారు తలుపు తీస్తే లోపల లైటు వెలుగుతది కదా. పాత బండిలో తలుపు సందున చిన్న పిన్ను ఉంటది. తలుపు మూస్తే నొక్కుకుంటది, తీస్తే బయటికొస్తది, లైటుకు సర్క్యూట్ కలుస్తది. అదే మన తాడు. ఆ పిన్ను దగ్గరి నుంచి ఒక వైరు తీసుకుని రిలేకు ఇస్తరు, రిలే హారన్‌కు కరెంటు ఇస్తది. హారన్ మన డబ్బా. మధ్యలో మీకు ఒక్కరికే తెలిసిన చోట ఒక స్విచ్. దిగేటప్పుడు ఆన్, ఎక్కే ముందు ఆఫ్. రిలే ఎందుకు, నేరుగా ఇవ్వొచ్చు కదా అంటే, జంట హారన్లు పది ఆంపియర్ల దాకా గుంజుతయి. పిన్ను వైరు సన్నది, వేడెక్కి కాలుతది. దొంగ ఏం ఎత్తుకపోకముందే బండి తగలబడుతది. అందుకే రిలే, అందుకే బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు. ఇందాక పోప్ గంట గుర్తుపెట్టుకోమన్నా కదా. తలుపు మూసినా మోగుతూ ఉండాలంటే, రిలే ఒకసారి పడితే తనను తానే పట్టుకుని ఉండేలా వైరింగ్ చేయాలి. మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇది పది నిమిషాల ముచ్చట. కొత్త బండ్లలో మాత్రం వైరు కోయకండి. వాటిల్లో తలుపు సంగతి కూడా కంప్యూటరే చూసుకుంటది. ఒకచోట కోస్తే ఇంకోచోట చెడుతది, వారంటీ కూడా పోతది.

కొంతమందికి చప్పుడుతో తృప్తి ఉండదు. దొంగకు దెబ్బ తగలాలి అంటరు. దీనికీ చరిత్ర ఉంది. 1998లో దక్షిణాఫ్రికాలో చార్ల్ ఫూరీ అనే ఆయన కారు తలుపుల కింద గ్యాస్ మంట చిమ్మే పరికరం పెట్టి అమ్మాడు. డ్రైవర్ కాలితో నొక్కితే పక్కన నిలబడ్డవాడి మీదికి మంట లేస్తది. దాని పేరు బ్లాస్టర్. ఆ మరుసటి ఏడాది దానికి ఇగ్ నోబెల్ శాంతి బహుమతి కూడా ఇచ్చారు, అంటే నవ్వుకోవడానికి ఇచ్చే నోబెల్. నవ్వుకుందాం. కానీ మన దగ్గర నవ్వు రాని సంగతి ఉంది. అడవి పందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ పెడితే, తెల్లవారుజామున పొలానికి పోయిన మనిషి దానికి తగిలి చచ్చిపోయిన వార్త పేపర్లో ఎన్నిసార్లు చదివామో మనకు తెలుసు. చాలాసార్లు పోయింది దొంగ కాదు, పక్క చేను రైతు, ఒక్కోసారి తీగ పెట్టినవాడి కొడుకే. కారు బాడీకి షాక్ పెడతా అనే తమ్ముళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ముందుగా దాన్ని ముట్టుకునేది గల్లీలో బాల్ కోసం వచ్చిన పిల్లగాడు. కేసు నీ మీద, అదీ క్రిమినల్ కేసు.

చప్పుడు సంగతికి మళ్లీ వద్దాం. 1980ల తర్వాత పెద్ద పట్నాల్లో కారు అలారాలు లక్షల మీద అమ్ముడైనయి. న్యూయార్క్‌లో ఏమయిందో తెలుసా? లారీ పోయినా మోగుతది, పిల్లి ఎక్కినా మోగుతది, ఉరుము ఉరిమినా మోగుతది. మొదట్లో కిటికీలోంచి తొంగి చూసినవాళ్లు తర్వాత దిండు చెవుల మీద పెట్టుకున్నారు, ఆ తర్వాత ఈ చప్పుళ్లను బంద్ చేయించాలని పోరాడారు. దొంగకు ఇంతకంటే మంచి రోజులు ఏముంటయి. మీ అపార్ట్‌మెంట్‌లో రాత్రి రెండింటికి కారు కూస్తే మీరేం చేస్తారో నిజం చెప్పండి. "ఎవడిదిరా ఈ కారు" అని తిట్టుకుంటారు. దొంగను కాదు, ఓనర్‌ను.

అందుకే కంపెనీలు వేరే దారి పట్టినయి. మనిషిని లేపడం మానేసి బండినే లేవకుండా చేశారు. అదే ఇమ్మొబిలైజర్. తాళంచెవి తలలో చిన్న చిప్పు. బండి దాన్ని గుర్తుపడితేనే ఇంజిన్ లేస్తది. ఒక రకంగా రోటర్ జేబులో వేసుకున్నట్టే, కాకపోతే రోటర్ చెవిలోనే ఉంది. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి, కెనడాలో 2007 నుంచి. అమెరికాలో అలాంటి రూలు లేదు. తేడా ఎక్కడ కనిపించిందంటే, 2021-22లో అక్కడి కుర్రాళ్లు యూఎస్‌బీ కేబుల్ కొసతో కియా, హ్యుందాయ్ బండ్లు లేపుకుపోయి వీడియోలు పెట్టారు. ఇమ్మొబిలైజర్ లేని చవక మోడల్స్ అవి. కెనడాలో అవే కంపెనీల బండ్లలో ఆ చిప్పు ఉంది, అక్కడ ఆ ఆట సాగలేదు.

అయితే చిప్పు కాపాడేది బండిని, బండిలో ఉన్నదాన్ని కాదు. ఇప్పుడు మనకు ఎక్కువగా జరిగేది అద్దం పగలగొట్టి ల్యాప్‌టాప్ బ్యాగు తీసుకపోవడం. పక్క అద్దాలు గట్టిపరిచిన గాజు, ఒక్క దెబ్బకు చక్కెర పలుకుల్లా రాలిపోతయి. అలారం మోగేలోపు పని అయిపోతది. బ్యాంకు దగ్గర ఇంకో పద్ధతి. "సార్, ఆయిల్ కారుతుంది", "సార్, మీ పది రూపాయల నోట్లు కింద పడ్డయి" అని ఒకడు దింపుతడు, ఇంకొకడు అటు తలుపు తీసి డబ్బు సంచి పట్టుకపోతడు. తలుపు మీరే తెరిచి ఉంచారు, అలారం ఏం చేస్తది పాపం.

కాబట్టి సోమశిలకైనా, సింగోటం జాతరకైనా వచ్చేటప్పుడు బ్యాగు డిక్కీలో పెట్టండి. పెట్టడం కూడా ఇక్కడికి వచ్చినంక అందరూ చూస్తుండగా కాదు, కొల్లాపూర్‌లో టీ తాగేటప్పుడే సర్దేయండి. చార్జింగ్ వైరు వేలాడుతూ కనిపించినా లోపల ఏదో ఉందని అర్థం. ఒడ్డున చెట్టు నీడ చూసుకుని దూరంగా పెట్టే బదులు ఎండైనా సరే మిర్చి బజ్జీల బండి ఎదురుగా పెట్టండి. రెండు ప్లేట్లు కొనుక్కుని "అవ్వా, జర చూస్తుండు" అని ఒక మాట చెప్పి పోండి. ఆ అవ్వ చూపు మీ హారన్ కంటే నయం. ఎందుకంటే ఆమెకు మీ మొహం తెలుసు, ఇంకొకడు తలుపు తీస్తే అడుగుతది. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు ఈ ఒడ్డు ఎట్ల ఉండిందో చూసినవాళ్లకు తెలుసు. 2028లో మళ్లీ పుష్కరాలు, అప్పుడు బండి పెట్టడానికే జాగా వెతకాలి.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో మీ కార్లు రాత్రి ఎక్కడ ఉంటయి? సెల్లార్‌లో. అక్కడ లేచే మనిషి ఎవరు? వాచ్‌మన్. ఆయనది ఏ ఊరు అని ఎప్పుడన్నా అడిగారా? అడగండి. మహబూబ్‌నగర్ అంటడు, నాగర్‌కర్నూల్ అంటడు, వనపర్తి అంటడు. అందరూ అని కాదు, కానీ చాలామంది.

ఎందుకు పోయారు? పాలమూరు లేబర్ అనే మాటే ఒకటి పుట్టింది కదా. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలువ తవ్వినా మనవాళ్ల చెమట ఉంది. కొల్లాపూర్ వైపు ఇంకో కారణం కూడా ఉంది. శ్రీశైలం ప్రాజెక్టు. 1981లో నీళ్లు నిలిపే ముందు కృష్ణ, తుంగభద్రల ఒడ్డున దాదాపు వంద ఊళ్లు ఖాళీ చేయించారు. ఇప్పుడు మీరు రీల్స్ తీసుకునే ఆ బ్యాక్‌వాటర్ కింద పొలాలున్నయి, ఇండ్ల గోడలున్నయి. ముంపు కుటుంబాలకు ఉద్యోగం ఇస్తామని 1986లో 98 నంబరు జీవో వచ్చింది. ఆ జీవో పట్టుకుని ఏండ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మా వైపు ఊరూరా ఉన్నరు. భూమి పోయి, ఉద్యోగం రాక, పట్నం పోయినవాడికి దొరికిన పని కట్టే బిల్డింగ్ దగ్గర కూలీ. బిల్డింగ్ అయిపోయినంక అదే బిల్డింగ్‌కు కావలి. మెట్ల కింద ఒక గది. పొద్దున మోటరు వేయాలి, కార్లు తుడవాలి, ఇస్త్రీ బట్టలు తేవాలి, రాత్రి మేలుకోవాలి. ఇంటామె నాలుగు ఫ్లాట్లలో గిన్నెలు తోముతది. ఇరవై నాలుగు గంటల డ్యూటీ, ఒక మనిషి జీతం.

మరి సెల్లార్‌లో కారు అద్దం పగిలితే మొదట ఎవరిని అడుగుతరు? "నువ్వేం చేస్తున్నవ్" అని వాచ్‌మన్‌నే. పోలీసులొస్తే ముందు కూర్చోబెట్టేది ఆయననే. 1443లో బీద వాడ కావలివాళ్లను కొత్వాలు పిలిచినట్టే. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005లో ఒక కేంద్ర చట్టం వచ్చింది, లైసెన్సు, ట్రైనింగ్ అన్నీ రాశారు. కానీ అది ఏజెన్సీలకు. అసోసియేషన్ వాళ్లు నేరుగా మాట్లాడుకుని పెట్టుకున్న మన మనిషికి అది వర్తించదు.

ఇక్కడ సుప్రీంకోర్టు కేసు ఒకటి చెప్పి ఆపేస్తా, అందరూ తెలుసుకోవాల్సిన కేసు. 1998 ఆగస్టులో ఢిల్లీలోని తాజ్ మహల్ హోటల్‌కు ఒకాయన మారుతి జెన్‌లో పోయిండు. తాళంచెవి వాలే చేతికిచ్చి లోపలికి పోయిండు. చీటీ మీద "మీ సొంత పూచీ" అని అచ్చు వేసి ఉంది. అర్ధరాత్రి దాటి ఒంటి గంటకు బయటికొస్తే కారు లేదు. ఏమైందంటే, ఇద్దరు దోస్తులతో వచ్చిన ఇంకొకడు తన కారు తెమ్మని వాలేను పంపి, ఆయన అటు పోగానే ఈ జెన్ తాళంచెవి అందుకున్నడు. గేటు దగ్గర గార్డు చీటీ అడిగిండు. వాడు ఆపకుండా తోలుకపోయిండు. గార్డు తన పని చేసిండు చూడండి, లేచిండు, అడిగిండు. ఒట్టి చేతులతో అంతకన్నా ఏం చేస్తడు.

ఇన్సూరెన్స్ కంపెనీ ఓనర్‌కు 2 లక్షల 80 వేలు ఇచ్చి, హోటల్ మీద కేసు వేసింది. 2019 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. తాళంచెవి తీసుకున్నారంటే బండిని మీ అధీనంలోకి తీసుకున్నట్టే, అజాగ్రత్త జరిగితే "సొంత పూచీ" అని చీటీ మీద రాసినంత మాత్రాన తప్పించుకోలేరు అని. పాత కావలి రుసుము న్యాయమే ఇది, కాకపోతే ఈసారి కట్టింది గార్డు కాదు, హోటల్. 1443 నుంచి 2019 దాకా నేను చెప్పిన కథలో నాకు కనిపించే పెద్ద మార్పు ఇదొక్కటే. అది కూడా తాళంచెవి చేతులు మారిన చోటే. మన సెల్లార్‌లో చెవి మన జేబులోనే ఉంటది కాబట్టి ఆ తీర్పు అక్కడి దాకా అట్లనే రాదు. అక్కడ ఇంకా పాత లెక్కే నడుస్తుంది.

మీ అసోసియేషన్ మీటింగ్‌లో సీసీ కెమెరాలకు, గేటు సెన్సార్‌కు కొటేషన్లు చదువుతరు కదా. అదే మీటింగ్‌లో వాచ్‌మన్‌కు రాత్రి తోడు ఇంకో మనిషిని పెట్టడానికి ఎంత అవుతుందో అడిగి చూడండి. ఏం జవాబు వచ్చిందో నాకు చెప్పండి, నిజంగా తెలుసుకోవాలని ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో జటప్రోలు గుడుల సంగతి. నీళ్లు రాకముందు రాయి రాయి విప్పి, గట్టు మీదికి మోసుకొచ్చి మళ్లీ ఎట్ల నిలబెట్టారో చూద్దాం. ఉంటా మరి, నమస్తే.